రెండో బ్రేకు

తెల్లవారితే ఆ వీధిలో మొదట వినిపించేది బ్రేకు మాస్టారి కారు తలుపు చప్పుడే. డ్రైవింగు స్కూలు కారు అది. నెత్తిన బోర్డు, ఒంటి నిండా గీతలు, ముందు రెండు సీట్ల దగ్గరా రెండు బ్రేకులు. నేర్చుకునేవాళ్ళకొకటి, పక్కన కూర్చునే మాస్టారికొకటి. ఏళ్ళ తరబడి ఆ రెండో బ్రేకు మీద కాలు వేసి వేసి ఆయనకి అదొక జబ్బులా పట్టుకుంది. బస్సెక్కినా, సినిమాలో కారు వేగంగా పోతున్నా, ఆయన కుడికాలు నేలని నొక్కేస్తుంది. బ్రేకు మాస్టారని పేరు పెట్టినవాళ్ళు నవ్వుతూ పెట్టారు, ఆయన కూడా నవ్వుతూనే పుచ్చుకున్నాడు.

కట్టుకున్నదానికి కూడా డ్రైవింగు నేర్పబోయాడు, పెళ్ళయిన కొత్తలో. మలుపు మలుపుకీ ఈయన బ్రేకు తొక్కడం చూసి ఆవిడకి ఒళ్ళు మండింది. "కారు నడుపుతోంది నేనా, మీరా?" అని దిగిపోయి, పట్టుబట్టి పక్క వీధిలోని ఇంకో స్కూల్లో నేర్చుకుంది. మాస్టారి పెళ్ళాం వేరే స్కూల్లో నేర్చుకుందని అందరూ చెవులు కొరుక్కున్నారు. ఆ తర్వాత ఆయన పక్కన ఉండగా ఆవిడ ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదు.

ఈమధ్య మాస్టారు పొద్దున్నే కారు తుడవడం కారు కోసం కాదు, ఇంట్లోంచి బయటపడడం కోసం. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ తచ్చాడతాడు. ఒక్కోసారి లోపలికెక్కి తలుపేసుకుని ఊరికే కూర్చుంటాడు. స్టీరింగు ముందు కాదు, అలవాటైన పక్క సీట్లో. "ఎవరి కోసం చూస్తున్నారు మాస్టారూ?" అని ఎదురింటాయన ఓ రోజు అడిగాడు. మాస్టారు గుడ్డ దులిపి మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"కాఫీ చల్లారిపోతోంది" అంది భార్య గుమ్మంలోంచి. ఆయన వైపు చూడకుండానే అంది.

ఆవిడ పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారుచేసిచ్చే ల్యాబులో పనిచేస్తుంది. ఏ పన్ను ఎంత అరగదీస్తే ఏ నోటికి సరిగ్గా కూర్చుంటుందో ఆవిడ వేళ్ళకి తెలుసు. ఎవరెవరి నవ్వులకో పళ్ళు కట్టే మనిషికి, సొంత ఇంట్లో నవ్వు కనపడి చాలా కాలమైంది.

బల్ల దగ్గర మాస్టారి అమ్మ అప్పటికే కూర్చుని ఉంది. అమ్మ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అందరి మాటలూ చెవిన పడినా ఒక్కటీ పెదవి దాటనివ్వలేదని ఆవిడకి గర్వం. ఊరివాళ్ళ రహస్యాల సంగతి సరే, కోడలి విషయంలో మాత్రం ఆ పెదవికి అడ్డూ ఆపూ లేదు.

"నాతో పనిచేసినావిడ కోడలికి పోయిన నెల కడుపు నిలిచిందట. ఎవరో కొత్త డాక్టరట. నువ్వూ ఒకసారి చూపించుకోకూడదటే?"

"సరే అత్తయ్యా."

"సరే సరే అంటావు, వెళ్ళవు. మావాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు."

బల్ల కింద మాస్టారి కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. ఆయనకి తెలియకుండానే నొక్కింది. భార్య కంచం తీస్తూ వంగి ఆ కాలు చూసింది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతూ, ఆయనకి మాత్రమే వినపడేలా అంది.

"ఆ బ్రేకు ఇక్కడ పనిచెయ్యదండీ."

లోపం తనలో ఉందని మాస్టారికి తెలిసి ఏడాది దాటింది. వీర్యంలో కణాలే లేవన్నారు. తక్కువ కాదు, అసలు లేవు. రెండోసారి పరీక్ష చేయించినా అదే మాట. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఆయన భార్యని ఒకటే అడిగాడు. "అమ్మకి చెప్పకు." ఆవిడ సరేనంది. ఆ మాట ఎంత గట్టిగా నిలబెట్టుకుందంటే, లోపమంతా తన నెత్తినే వచ్చి కూర్చున్నా కిక్కురుమనలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఈయన రోజులు నెట్టాడు. చెప్పని మాటకి వడ్డీ పెరుగుతుందని ఆయనకి తెలియక కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రోజే ఇంటికొస్తూ దారిలో, పెద్దమనసు చేసుకుంటున్నాననుకుని, "నువ్వు ఇంకో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను" అన్నాడు. ఆవిడ మొహం కిటికీవైపు తిప్పేసుకుంది. ఆ రోజునుంచే ఆవిడ చూపు ఆయన మొహం మీద ఆగడం మానేసింది. నడుం నొప్పి వంకతో ఆయన పడక హాల్లోకి మారింది. ఒకే ఇంట్లో ముగ్గురు మనుషులు, మూడు దీవులు.

పోయిన వారం అమ్మకి తెలియకుండా భార్యే పట్టుబట్టి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్న పెద్దాయన. తొందరపడని మనిషి. పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"ఇలా కణాలు కనపడకపోవడం రెండు రకాలుగా జరుగుతుందమ్మా. లోపల తయారవుతూ బయటికొచ్చే గొట్టం మూసుకుపోవడం ఒకటి. తయారీయే సరిగ్గా లేకపోవడం రెండోది. మొదటిదైతే సూదితో లోపలినుంచే తీసి, నీ ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించి చూడొచ్చు. రెండోదైతే మైక్రోస్కోపు పెట్టి ఆపరేషన్ చేసి వెతకాలి. దొరకచ్చు, దొరకకపోవచ్చు. అప్పటికీ దాత దగ్గర తీసుకోవడం ఉంది, దత్తత ఉంది, ఇద్దరే హాయిగా ఉండిపోవడమూ ఉంది. అదీ ఒక దారే."

"మాది ఏ రకం డాక్టరుగారూ?" అని ఆవిడ అడిగింది. 'మాది' అన్న ఆ మాట మాస్టారి గుండెలో ఎక్కడో గుచ్చుకుంది.

"హార్మోన్లు బాగానే ఉన్నాయి. అందుకే మొదటిదేమోనని నా ఆశ. కానీ పొత్తికడుపు కింద రెండు వైపులా ఆ పాత మచ్చలేమిటి మాస్టారూ?"

"చిన్నప్పుడు ఇనుప కంచె మీద పడ్డానట. మా అమ్మ చెప్పింది."

డాక్టరు నవ్వాడు. "ఇటొకటి అటొకటి కొలిచి గీసినట్టు కోసే కంచె నేనెక్కడా చూడలేదు. అది ఆపరేషనే. పేగు జారిందని చేశారా, వృషణాలు కిందికి దిగలేదని చేశారా? పేగు కోసమైతే, అప్పుడు ఆ గొట్టాలు కూడా దెబ్బతిని మూసుకుపోయాయేమో. వృషణాల కోసమైతే తయారీ మీదే అనుమానపడాలి. మీ అమ్మగారిని అడిగి రండి."

అడగడం ఎంతసేపు? కానీ అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. మాస్టారు చివరికి గోడవైపు చూస్తూ, "అమ్మా, నాకు చిన్నప్పుడు ఏదైనా ఆపరేషన్ అయిందా?" అన్నాడు.

అమ్మ చేతిలో దువ్వెన ఒక్క క్షణం ఆగింది. "ఆపరేషనా? కంచె మీద పడ్డావని ఎన్నిసార్లు చెప్పాలిరా?"

ఒకే మచ్చని తల్లి ఒకవైపు, కొడుకు ఒకవైపు దాచుకుని, మధ్యలో కోడల్ని నిలబెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు పెరిగింది.

"నేను పోయేలోపు ఓ పసిగుడ్డుని ఎత్తుకుంటానో లేదో. నీ వల్ల కాదంటే ఆ మాటైనా చెప్పెయ్యి. ఎన్నాళ్ళని వాడి బతుకు ఇలా..."

'సరే అత్తయ్యా' రాలేదు. భార్య చేతిలో గరిటె అలాగే ఉంది. ఆవిడ తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. ఏడాది తర్వాత మొదటిసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. ఇంక మొయ్యలేనన్న అలుపొక్కటే ఉంది.

మాస్టారి కాలు అలవాటుగా నేలని నొక్కబోయింది. ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, లోపం నాలో ఉంది. తనలో కాదు. తనకన్నీ బాగానే ఉన్నాయని ఎప్పుడో చెప్పారు."

"పెళ్ళాన్ని వెనకేసుకురావడానికి ఇంత అబద్ధం ఆడతావట్రా?"

"అబద్ధం కాదమ్మా. నా వీర్యంలో కణాలు లేవు. నీకు చెప్పొద్దని నేనే తన నోరు కట్టేశాను. చేతకాని మగాడిననుకుంటావని భయమేసింది." కంచం పక్కకి జరిపి అమ్మవైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వొక నిజం చెప్పు. ఆ మచ్చలు కంచెవి కాదు కదా?"

అమ్మ చెయ్యి కడుక్కోకుండానే కొంగుతో తుడుచుకుంది. అమ్మ అలా చెయ్యడం కొడుకు ఎన్నడూ చూడలేదు.

"మీ నాన్న ఒట్టు పెట్టించుకున్నారు. మగపిల్లాడికి అక్కడ కత్తి పడిందని తెలిస్తే రేపు పిల్లనెవరిస్తారన్నారు. ఎక్స్ఛేంజిలో జ్వరమని చెప్పి సెలవు పెట్టి, నేనొక్కదాన్నే నిన్ను తీసుకెళ్ళాను. ఆ ఆసుపత్రి వరండాలో నాతో మాట్లాడే దిక్కు లేదు. పాలు తాగే పిల్లాడివి. ఏడిస్తే చాలు, రెండు వైపులా నిమ్మకాయంత ఉబ్బేది. పేగు జారుతోంది, కుట్టకపోతే ప్రాణానికే మోసమన్నారు."

"పేగా అత్తయ్యా?" భార్య గరిటె వదిలేసి లేచింది. "పేగేనా? వృషణాలు దిగలేదని కాదు కదా? బాగా గుర్తుచేసుకోండి!"

"గుర్తుచేసుకోవడమేంటే? నా చేత్తో లోపలికి నొక్కిపెట్టుకుని ఎన్ని రాత్రులు కూర్చున్నానో! పేగే."

భార్య అక్కడే, అత్తగారి కుర్చీ పక్కన నేలమీద కూలబడి భోరున ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్కసారి తెగి వచ్చింది. ఏం జరిగిందో అమ్మకి అర్థం కాలేదు. కొడుకు మెల్లగా చెప్పాడు. పేగైతే ఆశ ఉందని, ఆ కుట్ల దగ్గరే దారి మూసుకుపోయి ఉండొచ్చని.

"అంటే... నేను చేయించిన ఆపరేషన్ వల్లా?"

"నువ్వు చేయించకపోతే నేనే ఉండేవాణ్ణి కాదమ్మా."

అమ్మ వంగి కోడలి తలమీద చెయ్యి వెయ్యబోయి, వేసే అర్హత ఉందో లేదోనని గాలిలోనే ఆపేసింది. "ఇన్ని మాటలన్నానే నిన్ను. ఒక్కసారి ఎదురు చెప్పలేకపోయావా తల్లీ? నన్ను క్షమించు."

కోడలు కళ్ళు తుడుచుకుంది. "కోపం లేదని చెప్పలేను అత్తయ్యా. ఈ ఇంట్లో ఇప్పటికే రెండు అబద్ధాలున్నాయి, మూడోది నేనెందుకాడాలి? కొన్నాళ్ళు పడుతుంది." అంటూనే, గాలిలో ఆగిపోయిన ఆ చేతిని పట్టుకుని తన తలమీద పెట్టుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు కారులో పక్క సీట్లో కూర్చుని ఉంటే, అవతలి తలుపు తీసుకుని ఆవిడ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

"పిల్లలు లేకపోతే నాకు బాధే. లేదనను. కానీ మీరు ఇంట్లో ఉండి కూడా లేకపోవడం ఉంది చూశారూ, అది అంతకంటే బాధ. నన్ను వెళ్ళిపొమ్మన్నారు. నేనెక్కడికి వెళ్తానండీ?"

ఆయన ఏడ్చాడు. ఆవిడ ఏడవనిచ్చింది. ఆ రోజు హాల్లో పడక ఖాళీగా ఉంది.

సూదితో తీసే రోజు అమ్మ తనూ వస్తానంది. "అప్పుడు వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నా. ఈసారి ఇద్దరం కూర్చుంటాం" అంది. అత్తాకోడళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఒక్క సంచీ మాత్రం ఉంది.

డాక్టరు బయటికొచ్చి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఉన్నాయి. కదులుతున్నాయి కూడా. చల్లటి డబ్బాలో భద్రంగా దాచిపెడతాం. ఇది మొదటి మెట్టేనమ్మా, పైన ఇంకా చాలా ఉన్నాయి. బిడ్డ పుట్టి తీరుతుందని నేను మాటివ్వలేను."

"మీరు మాటివ్వక్కర్లేదు డాక్టరుగారూ" అంది ఆవిడ.

ఇవాళ కారు నడపకూడదని మాస్టారికి గట్టిగా చెప్పారు. ఆవిడ తాళాలందుకుంది. మాస్టారు నొప్పికి పళ్ళు బిగబట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. కాళ్ళ ముందు రెండో బ్రేకు తళతళలాడుతోంది. వెనక అమ్మ, ముందు సీటుని రెండు చేతులా పట్టుకుని.

ఆవిడ బాగానే నడుపుతోంది. నిజానికి ఆయన నేర్పినవాళ్ళకంటే బాగా నడుపుతోంది. చౌరస్తా దగ్గర లారీ ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది.

"బ్రేకు! ఒరే, బ్రేకు తొక్కరా!" అని అమ్మ కేకేసింది.

మాస్టారి కుడికాలు లేచింది. లేచిన కాలిని ఆయన వెనక్కి తీసుకుని సీటుకి ఆనించి పెట్టుకున్నాడు.

"తనకి తెలుసమ్మా" అన్నాడు.

కారు కుదుపు లేకుండా ఆగింది. లారీ పోయింది. పైన ఎర్రదీపం వెలిగింది. ఆవిడ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి కానీ నిండిపోయి ఉన్నాయి. ఎడమచేత్తో తడుముకుంటూ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. దీపం పచ్చబడినా ఎవరూ చూసుకోలేదు. వెనక బండివాళ్ళు, కారు మీది బోర్డు చూసి ఎవరో నేర్చుకుంటున్నారనుకుని, విసుక్కోకుండా చిన్నగా ఒకసారి హారన్ కొట్టారు.