కీర్తిశేషుడు ఏజెంట్ ఆదాము

ఒక జాతి ఔన్నత్యాన్ని దాని సున్నపు కుంచెను బట్టి నిర్ణయించాలి. కోటలు కూలుతాయి, శాసనాలు అరుగుతాయి, మహాసామ్రాజ్యాలు రెండు మార్కుల ప్రశ్నలై పాఠ్యపుస్తకాల్లో మిగులుతాయి. ఏటేటా తడిసి, ఆరి, మళ్ళీ తడిసే సున్నపు కుంచె మాత్రం గోడల మీద తన ధవళ పరిపాలన సాగిస్తూనే ఉంటుంది. ఈ మహాసత్యాన్ని గూఢచారుల శిక్షణలో ఎవరూ చేర్చలేదు. దాని ఫలితం దేశం అనుభవించింది. దేశం కంటే ఎక్కువగా ఆదాము అనుభవించాడు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన, సరుగుడు తోపు వెనక అద్దెకు తీసుకున్న గెస్ట్‌హౌస్‌లో, పేరు బయటికి చెప్పని ఒక విభాగానికి అధిపతి అయిన కృష్ణకాంత్ బొమ్మిడాయిల పులుసు కలుపుకుంటూ దేశరక్షణను వివరిస్తున్నాడు. ఎదురుగా ఏజెంట్ ఆదాము అటెన్షన్‌లో నిలబడి వింటున్నాడు. ఆదాము చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

ఆ మరణం పూర్తిగా పరిపాలనాపరమైనది. భార్యా, తల్లీ, పేరూ లేని ఏజెంటు ఎక్కువ పనికొస్తాడని విభాగం తీర్మానించింది. సముద్రంలో పడవ తిరగబడిందన్నారు. తెరవకూడదన్న ఉత్తర్వుతో, సీలు వేసిన పెట్టె ఒకటి తెనాలికి వెళ్ళింది. అందులో ఉన్నవి ఇటుకలు.

"నీ బరువుకి సరిగ్గా సరిపోయినయ్యయ్యా," అని కృష్ణకాంత్ ఇప్పటికీ మురిసిపోతుంటాడు. "మోసినవాళ్ళకి అనుమానం రాలేదు. అదీ ప్లానింగ్ అంటే!"

ఆ రోజు మాత్రం ఆయన నేరుగా విషయానికి వచ్చాడు.

"పరాయి గూఢచారుల ముఠా రేపల్లెలో ఉంది. రొయ్యల మేత కన్సల్టెంట్లమని బోర్డు పెట్టారు. రొయ్యకీ పీతకీ తేడా తెలీదు వాళ్ళకి. ఆదివారం ఈ తీరంలో రాడార్ ట్రయల్. దాని ఫ్రీక్వెన్సీలన్నీ బియ్యపుగింజంత చిప్‌లోకి ఎక్కించారు. ఆ చిప్ ఇప్పుడు డెడ్ డ్రాప్‌లో ఉంది, అంటే ఒకడు దాచిపోతే ఇంకొకడొచ్చి తీసుకునే చోట."

"ఎక్కడ సార్?"

"నీ సమాధిలో."

ఆదాము ముఖంలో కదలిక లేదు. అతని శిక్షణ అలాంటిది.

"కొవ్వొత్తులు పెట్టే గూడు ఉంటుందే, అందులో. పాత కొవ్వొత్తి ముక్కలో దాచారు. శవం లేని సమాధికి ఏడ్చేవాళ్ళుండరని వాళ్ళ లెక్క. ఆ సమాధి ఖాళీ అని బయటికి చెప్పగలిగింది ఒక్కతే. ఉషశ్రీ."

ఉషశ్రీ పేరు వింటే రెండు దేశాల అధికారులు టై సరిచేసుకుంటారు. ఆమె ఇద్దరికీ పనిచేస్తుంది. ఇద్దరూ ఆమెను తమ మనిషే అనుకుంటారు. ఆదాము అంత్యక్రియలకు విభాగం తరఫున నల్లకళ్ళద్దాలతో వచ్చి, ఇటుకల పెట్టె మీద పడి, చూసినవాళ్ళ గుండె చెరువయ్యేలా ఏడ్చింది కూడా ఆమే.

"ముందే చిప్ తీస్తే ముఠా ఎగిరిపోతుంది. వదిలేస్తే ఆదివారం తీరం మొత్తం గుడ్డిదవుతుంది. తీసే చెయ్యి చిప్ మీద ఉండగా పట్టుకోవాలి. పట్టుకున్నావా, నీ ఫైలు మూసేస్తా. నిన్ను బతికిస్తా, పేరుతో సహా."

"ఈస్టరు ముందు శనివారం సార్ రేపు. సంఘమంతా సమాధులకి సున్నం వేస్తారు. నా దగ్గరికి కూడా ఎవరైనా..."

"స్టడీ చేయించామయ్యా. వితంతువుల దుఃఖం నాలుగేళ్ళకి మించదు."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆదాముకు బతకాలనిపించింది. తెనాలిలో తలుపు కొట్టాలి. భార్య రిబ్కా తీయాలి. వెనక నుంచి తల్లి మాణిక్యమ్మ "ఎవరే?" అని అరవాలి. అంతకు మించి అతను దేశాన్ని ఏమీ అడగలేదు.

శనివారం పొద్దున తెనాలి సమాధుల తోటలోకి ప్రొఫెసర్ జయకృష్ణ అనే చరిత్ర పరిశోధకుడు ప్రవేశించాడు. ఆయన కళ్ళజోడులో కెమెరా, చెవిటి మిషన్‌లో రిసీవరు, జేబులోని పెన్నులో మీట ఉన్నాయి. మీట నొక్కితే ప్రహరీ బయట ఐస్‌క్రీమ్ బండిలో కూర్చున్న కమాండోలు దూకుతారు. గొంతు ఒక్కటే మార్చడం కుదరలేదు. అందుకని బొంగురుగా, పొదుపుగా మాట్లాడుతున్నాడు. గడ్డం అంటించిన జిగురును ఢిల్లీ చలిలో పరీక్షించారు. తెనాలి ఎండ దాన్ని మరోవిధంగా పరీక్షిస్తోంది.

తోట నిండా ఆడవాళ్ళు, బకెట్లు, కబుర్లు. ప్రొఫెసరుగారు కనిపించిన ప్రతి సమాధి దగ్గరా ఆగి "వీరి కథ ఏంటండి?" అని అడగసాగాడు. ఒక దొరసాని ఏడు సముద్రాలు దాటి వచ్చి, మండు వేసవిలో తెనాలి ఆడపిల్లలకు ఉన్ని స్వెట్టర్లు అల్లడం నేర్పింది. ఆ స్వెట్టర్లు తొడుక్కున్నవాళ్ళు లేరుగానీ, నేర్చుకున్నవాళ్ళ మనవరాళ్ళు ఇప్పటికీ ఆమెకు పూలు పెడుతున్నారు. పక్కన రేపల్లె రైలు గార్డు. ఉద్యోగమంతా కదిలే రైల్లో క్షేమంగా గడిపి, ఆగి ఉన్న రైల్లోంచి పడి పోయాడు. ఆ వెనక హార్మోనిస్టు. శనివారం రాత్రి నాటకానికీ ఆదివారం పొద్దున గుడికీ ఒకే హార్మోనియం; ఒక ఆదివారం నిద్రమత్తులో ప్రసంగం నడుమ యుద్ధ పద్యానికి రాగం అందుకుంటే, పాస్టరు అయ్యగారు కూడా గొంతు పెంచారట.

ఆ తరవాతది అతని సొంత సమాధి. ‘ప్రభువునందు నిద్రించిన ఆదాము.’ తలవైపు గూడులో కరిగిన కొవ్వొత్తి ముక్కలు. ఒక పక్క సిమెంటు కొత్తగా ఉంది. ఇది కూడా ముఠా పనే అయి ఉంటుందని, వాళ్ళ తెలివికి మనసులోనే జోహారు చెప్పుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఖాళీయేగా? కాస్త ఈ బకెట్ పట్టుకుందురూ, కింద చీమలున్నయ్."

రిబ్కా. కొంగు నడుముకు దోపి, ఒక చేత కుంచె, ఒక చేత తాపీతో నిలబడి ఉంది. తెలుగునేల మీద పరాయి మగవాడికి దక్కే అత్యున్నత గౌరవ వాచకంతో భార్య పిలిచాక, ఆదాము బకెట్ పట్టుకున్నాడు.

"ఎవరది? పంపించెయ్," అన్నాడు చెవిలో కృష్ణకాంత్.

ఆమె అప్పటికే గూడు వైపు వంగుతోంది.

"మేడమ్, ఆ గూడు ముట్టుకోకండి," అన్నాడు బొంగురుగా. "చారిత్రకం."

"తొమ్మిదేళ్ళకే చారిత్రకమా? మా వంటింటి గూడు ముప్పయ్యేళ్ళది, వచ్చి చూసిపోండి. పోయినేడు దీన్లో కందిరీగలు తుట్టె పెట్టి, తోటకొచ్చిన పిల్లల్ని కుట్టినయ్. ఇవ్వాళ మూసెయ్యాల్సిందే."

అప్పుడే తెల్లపట్టు చీరలో, చేతిలో లిల్లీ పూలతో, ఖరీదైన విషాదంతో ఉషశ్రీ వచ్చింది. సగం తోట పని ఆపి చూసింది.

"ఆదాముగారు నా కొలీగండి," అంది కంటి చివర రుమాలు అద్దుకుంటూ. "ఒక్క కొవ్వొత్తి పెట్టుకుంటాను."

ఎర్రటి గోళ్ళు గూడు వైపు సాగాయి. ఆదాము బొటనవేలు మీట మీదికి చేరింది. ఆ గోళ్ళు బెత్తెడు దూరంలో ఉండగా రిబ్కా తాపీ మొనతో కొవ్వొత్తి ముక్కల్ని చిప్‌తో సహా టకటకా పొడిచి, చిదిమి, గుప్పెడు సిమెంటు అందులో కొట్టి, అరచేత్తో అదిమేసింది.

"ఆగమ్మాయ్, తడిగా ఉంది! కొవ్వొత్తి పైన పెట్టుకుందువుగాని. కొలీగువి అంటున్నావుగా, అదుగో రెండో కుంచె. వెనకవైపు ఒక పూత వెయ్యి తల్లీ."

జడపిన్నుతో మనిషిని చంపడంలో డిప్లొమా ఉన్న ఉషశ్రీ, అంతమంది ఆడవాళ్ళు చూస్తుండగా కాదనలేక, కుంచె అందుకుంది. పట్టుచీర మీద సున్నం చుక్కలు చుక్కలుగా పడింది. పూత ముగించి, ఆదాము గడ్డం వైపు పరీక్షగా చూసి, "రేపల్లె పాసింజరు వెళ్ళిపోయినట్టుంది, ప్రొఫెసర్‌గారూ," అని నవ్వి, ఆటో ఎక్కింది. అది విభాగం పాత కోడ్ వాక్యం. పని చెడిందని అర్థం.

ఆ విధంగా దేశపు తీరరేఖ చివరి క్షణంలో రక్షించబడింది. రక్షించినామె నల్లరంగు డబ్బా మూత తీస్తోంది.

సన్న కుంచెతో రిబ్కా అతని పేరును మళ్ళీ దిద్దింది. తరవాత, కింద, అంతకుముందు లేని పేరొకటి నెమ్మదిగా రాసింది: మాణిక్యమ్మ.

ఆదాము ఆ పేరు మళ్ళీ చదివాడు.

"మా అత్తగారండి," అంది రిబ్కా. "క్రిస్మస్ అయిన వారానికి పోయింది. తోటలో జాగా లేదు. కొడుకు దగ్గరే పెట్టమని ముందే చెప్పింది. అందుకే ఈ పక్క తవ్వించి, మళ్ళీ సిమెంటు చేయించా."

ఆదాము బకెట్ అక్కడే దించి, గార్డుగారి సమాధి చాటుకు వెళ్ళాడు.

"సార్. మా అమ్మ పోయింది."

"రిపోర్టొచ్చింది," అన్నాడు కృష్ణకాంత్. "మిషన్ ముందు చెప్పడం పద్ధతి కాదు."

"నా ఫైలు?"

"చిప్ పోయింది, సంతోషం. చెయ్యి దొరకలేదుగా? చిప్ ముట్టుకోని మనిషిని ఏమని పట్టుకుంటాం, సున్నం వేసిందనా? ముఠా ఉన్నంతకాలం నువ్వు ఇలాగే ఉండాలి."

"ఎన్నాళ్ళు సార్?"

"పోయినవాడికి తొందరేంటయ్యా?"

అతను తిరిగి వచ్చేసరికి రిబ్కా చేతులు కడుక్కుంటోంది.

"అందరి కథలూ అడుగుతున్నారుగా," అంది తలెత్తకుండా. "ఇది కూడా వినండి. మా ఆయన ఇందులో లేడు. అత్తగారిని దించేటప్పుడు పాత పెట్టె పగిలింది. అన్నీ ఇటుకలే."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలండి? సంఘమంతా గోతి చుట్టూ నిలబడి చూసింది. అయ్యగారు బైబిలు మూసి, పాట అందుకోమన్నారు. అందుకున్నాం." కొంగు విప్పి చేతులు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ పోయాడని ఏడ్చా. ఇప్పుడు దేనికని ఏడవాలో తెలీట్లేదు. మా అత్త నయం, తెలీకుండానే పోయింది."

ఆదాము నోరు తెరిచాడు. తొమ్మిదేళ్ళుగా దాచిన గొంతు, సొంత గొంతు, పెదవుల దాకా వచ్చింది.

"అన్నయ్యగారూ," అంది రిబ్కా మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూస్తూ, "గడ్డం ఊడుతోంది. సర్దుకోండి."

అతను సర్దుకున్నాడు.

ఆమె కుంచెలు బకెట్‌లో వేసుకుని నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఇటుకలు మాత్రం మంచివి. మా బాత్రూం గోడ కట్టించుకున్నా. ఒక ఇటుక తక్కువైంది, పంపినవాళ్ళకి చెప్పండి."