చివరి గంట మీద చెయ్యి

చీకటి పడ్డాక పాత బడి వైపు ఎవరూ వెళ్ళరు. కుక్కలు కూడా గేటు దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతాయట.

పిల్లల్ని కొత్త భవనానికి మార్చి, తాళం వేసేసిన బడి అది. లోపల మనిషన్నవాడు లేడు. అయినా రాత్రి భోజనాల వేళకి గంట మోగుతుంది. టంగ్... టంగ్... టంగ్... చివరి దెబ్బ మాత్రం, ఎవరో గొంతు నొక్కినట్టు, టక్కున ఆగిపోతుంది.

"గంటల తాతే," అంటారు పేటలో గొంతు తగ్గించి. "బతికున్నన్నాళ్ళూ కొట్టాడు. పోయాక మాత్రం ఊరుకుంటాడా?"

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా దర్జీ అక్కకి ఒళ్ళు మండిపోయేది. గంటల తాత ఆవిడ కన్నతండ్రి మరి.

ఆ బడి ఏ ధర్మాత్ముడో కట్టించి ఇచ్చింది కాదు. పేటవాళ్ళే రాళ్ళు మోసి కట్టుకున్నారు. తీరా గోడలు లేచేసరికి తలుపులకి దిక్కు లేదు. అప్పుడు ఇళ్ళలోంచి తలుపులు ఊడదీసి తెచ్చారు. వంటింటి తలుపు, మంగలి కొట్టు తలుపు, స్నానాల గది తలుపు... ఏ రెండూ ఒక్కలా ఉండవు. పిల్లలు తరగతుల్ని అంకెలతో చెప్పుకునేవాళ్ళే కారు. "నువ్వు మంగలాయన తలుపా? నేనింకా స్నానాల గదిలోనే" అనుకుని నవ్వుకునేవాళ్ళు.

గంటల తాత ఇంటికి ఉన్నది ఒకే తలుపు, వీధి తలుపు. అదీ ఇచ్చేసి, గుమ్మానికి గోనెపట్టా కట్టుకుని కాపురం చేశాడు మహానుభావుడు. దర్జీ అక్క పుట్టింది ఆ గోనెపట్టా వెనకే.

వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కే బడి గంట. సాయంత్రం గంటకి ఆయనకో అలవాటుండేది. ఒకటో తరగతి పిల్లలు ఆ వేళకి బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతుంటారు. పసివాళ్ళు ఉలిక్కిపడతారని, చివరి దెబ్బ కొట్టగానే అరచెయ్యి వేసి మోత ఆపేసేవాడు.

అందుకే... లోకమంతా దెయ్యమంటే కొట్టిపారేసిన దర్జీ అక్క, ఆ ఆగిపోయే దెబ్బ విని నమ్మేసింది.

తెల్లారితే బడి ఆవరణలో మీటింగు. కూల్చేసి దుకాణాలు కట్టాలా, బాగుచేసి ఉంచుకోవాలా? "గంటల తాత కూతురు ఎటు చెయ్యెత్తితే మేమూ అటే" అన్నారు అందరూ. నిలబెట్టాలనే ఉండేది ఆవిడకి, మొన్న తమ్ముడొచ్చేదాకా.

తల్లి పోయాక ఆవిడ చేతుల్లో పెరిగినవాడు తమ్ముడు. స్కూటర్ మెకానిక్. మురుగుకాలవ పక్కన టార్పాలిన్ కింద పని. వచ్చి అక్క చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"నా కళ్ళతో చూశానక్కా... నాన్నే. చలికి గజగజ వణుకుతున్నాడు. ఆ గోడలు కూలితే గానీ ఆయనకి విడుదల లేదు."

తమ్ముడి మాట ఆవిడకి వేదవాక్కు. కూల్చెయ్యమనే చెబుతానని మాటిచ్చింది. కానీ మీటింగు ముందు రాత్రి మనసు ఆగలేదు. పెట్టె అడుగునుంచి తండ్రి మఫ్లరు తీసి, చంకలో పెట్టుకుని బయల్దేరింది.

భయం లేదా అంటే... ఉంది. వెనక గోడ సందులోంచి దూరింది. వరండా నిండా ఎండుటాకులు. ఒక్కో తలుపూ తడుముకుంటూ నడిచింది. వంటింటి తలుపు... మంగలాయన తలుపు... ఆ పక్కన, చేతికి తెలిసిన చెక్క. తమ ఇంటి తలుపు.

టంగ్...

ఆ తలుపునే గట్టిగా పట్టుకుంది.

టంగ్... టంగ్... టం—

ఆగిపోయింది. గంట పక్కన నల్లగా ఓ ఆకారం.

"నాన్నా..." చంకలోది తీసి ముందుకు చాపింది. "మఫ్లరు తెచ్చాను నాన్నా... కట్టుకో."

ఆకారం బిగుసుకుపోయింది. ఆవిడ ఇంకో అడుగు వేసింది. అప్పుడు వాసనొచ్చింది. దెయ్యాల దగ్గర ఏ వాసనొస్తుందో ఆవిడకి తెలియదు. ఇంజనాయిలు వాసన మాత్రం రాదు.

"ఒరేయ్..." అంది. "నువ్వా?"

గంట కొట్టే ఇనపకడ్డీ తమ్ముడి చేతిలోనే ఉంది. "అక్కా... దుకాణాలు కట్టేవాళ్ళు నాకు ముందు వరసలో కొట్టు ఇస్తామన్నారక్కా. వానొస్తే బండ్లతో పాటు నేనూ తడుస్తున్నాను. ఎన్నాళ్ళు పడను?"

"కొట్టు కావాలంటే నన్నడగకపోయావా? నా కుట్టుమిషను అవతల పారేసి ముందు గది ఇచ్చేదాన్ని కదరా!" ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. "కన్నతండ్రిని దెయ్యాన్ని చేశావు. వణుకుతున్నాడన్నావు... ఆ మాట విన్నప్పటినుంచి నేను దుప్పటి కప్పుకోలేదురా. నాన్నకి లేనిది నాకెందుకని."

తమ్ముడు కడ్డీ వెనక్కి దాచుకున్నాడు.

"పోనీ, ఆ చివరి దెబ్బ మీద చెయ్యి వెయ్యకుండా ఉండాల్సింది. అది నాన్న చెయ్యి. దాన్నీ వాడుకున్నావు."

"చెయ్యేమిటక్కా?"

"మోత ఆపుతున్నావుగా."

"నేనెందుకాపుతాను? ఎంత మోగితే నాకంత మంచిది కదా! చివరిది ఎందుకో పలకట్లేదు... పట్టా తుప్పు పట్టిందనుకున్నాను."

దర్జీ అక్క కడ్డీ లాక్కుంది. ఒక్కటి కొట్టింది.

టంగ్... నిండుగా మోగింది. వరండా దాటి, గేటు దాటి, పేటంతా తిరిగింది ఆ మోత. ఎంతసేపటికీ ఆగలేదు.

"తుప్పేం లేదు," అంది కడ్డీ తిరిగిస్తూ. "ఇప్పుడు నువ్వు కొట్టు."

"వద్దక్కా..."

"కొట్టరా."

రెండు చేతులా ఎత్తి కొట్టాడు.

టం—

మోత చచ్చిపోయింది. ఊగాల్సిన పట్టా ఊగలేదు. అతని చేతులు రెండూ కడ్డీ మీదే ఉన్నాయి. ఆవిడ చేతులు రెండూ మఫ్లరు మీదే ఉన్నాయి.

కడ్డీ జారి కింద పడింది. "అక్కా... నాన్న..." అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. "నాన్న నిజంగానే..."

ఆవిడ మఫ్లరు మడతపెట్టి మళ్ళీ చంకలో పెట్టుకుంది.

"నాన్నకి చలేం లేదురా," అంది. "నిన్ను చూసి సిగ్గేస్తోంది."

తమ్ముణ్ణి ఆ చీకట్లోనే వదిలేసి ఇంటికొచ్చేసింది.