ఎర్ర చీటీ సైకిలు

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆ ఎండలో నడిచొచ్చిన మనిషి మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. మోచేతి దగ్గర చర్మం లేచిపోయి నెత్తురు గడ్డకట్టింది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టింది.

"నన్నెవరో చంపాలని చూస్తున్నారండీ," అంది. "ఎవరో అని పైకి అంటున్నాగానీ, మా ఆయనేనేమోనని నా భయం."

డిటెక్టివు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని నసగారు అంటారు. ఎదురుగా అనరు, అది వేరే సంగతి. అడిగిన ప్రశ్నే మూడుసార్లు అడగడం ఆయన జబ్బు. పక్కన కాగితాలు సర్దుతున్న అసిస్టెంటు పేరు తొందర. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, నసగారు పెట్టిన పేరు. సగం విని మొత్తం తేల్చేస్తాడు పాపం. కానీ నసగారంటే ప్రాణం పెడతాడు.

"మొదటినుంచీ చెప్పండమ్మా. మధ్యలో నేను అడ్డం రాను," అన్నాడు నసగారు. అది మాత్రం పచ్చి అబద్ధం.

ఆవిణ్ణి అందరూ సైకిళ్ళమ్మ అంటారు. రైల్వేస్టేషను పక్క స్టాండులో ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకెళ్ళని సైకిళ్ళకి ఎర్ర చీటీ కడతారు. ముప్ఫై రోజుల్లో ఎవరూ రాకపోతే ఆవిడ కాగితంమీద సంతకం పెట్టి తన షెడ్డుకి తెచ్చుకుంటుంది. తుప్పు వదలగొట్టి, చక్రాలు సరిచేసి, కాలినడకన పనికెళ్ళే వాళ్ళకి ఇస్తుంది.

"చీటీ ఎవరైనా చింపేస్తే?" అన్నాడు నసగారు.

"సైకిలుకి మనిషున్నాడని అర్థమండీ. కొత్త చీటీ కట్టి మళ్ళీ ముప్ఫై రోజులు ఆగాలి."

ఆ స్టాండులో ఒక సైకిలు ఆవిడ భర్తది. ఆయన బోర్డులు రాసే మేస్త్రి. ఎంత పొడగరంటే కొట్లమీద బోర్డులు నేలమీద నిలబడే రాసేవాడు. అందుకే నిచ్చెన మేస్త్రి అనేవాళ్ళు. మూడేళ్ళ కిందట పొద్దున పనికని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. సైకిలు స్టేషను స్టాండులో తాళంవేసి కనబడింది. రైలెక్కి ఎటో పోయాడని ఊరంతా తేల్చేసింది.

"ఈ ఏడు ఆ సైకిలుకీ చీటీ కట్టారు. రెండుసార్లు ఎవరో చింపేశారు. ఆయనే వచ్చి చింపాడనుకున్నానండీ. పిచ్చిదాన్ని, సంతోషపడ్డాను కూడా. మూడోసారి స్టాండు తాత చీటీని ఇనపతీగతో బిగించి కట్టాడు. అది నిలిచింది. నాలుగు రోజుల కిందట సైకిలు షెడ్డుకి తెచ్చాను. మర్నాడు పొద్దున తలుపుమీద సుద్దముక్కతో రాసి ఉంది, 'ఎక్కడిది అక్కడే పెట్టు' అని. నేను పెట్టలేదు. ఇవాళ నా సైకిలు మీద వంతెన దిగుతుంటే బ్రేకు పడలేదు. చూస్తే తీగని ఎవరో ఆకురాయితో రాసి రాసి వదిలేశారు. లారీ కిందికి వెళ్ళేదాన్ని. ఆయనకి నామీద ఇంత పగేంటండీ?"

నసగారు లేచి చెప్పులేసుకున్నాడు.

షెడ్డు తలుపుకి రెండు రెక్కలు. ఎడమ రెక్కమీద రాత ఇంకా ఉంది. ఒక్కో అక్షరం ఒక్కో పక్కకి ఒరిగిపోయి, చూడ్డానికే అసహ్యంగా ఉంది.

"చదువురానివాడి రాత, సార్. తేలిపోయింది," అన్నాడు తొందర.

నసగారు తలుపు దగ్గరికి జరిగాడు. రాతకి ఎడంపక్క ఖాళీని జానతో కొలిచాడు. సరిగ్గా ఒక జాన. కుడిపక్క కొలిచాడు. అక్కడా ఒక జానే. తర్వాత తొందర చేతికి సుద్దముక్క ఇచ్చి, కుడి రెక్కమీద అదే మాట రాయమన్నాడు. తొందర హుషారుగా పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టాడు. 'పెట్టు' దగ్గరికి వచ్చేసరికి చోటు చాలక అక్షరాల్ని ఇరికించి, చివరిది తలుపు చట్రంమీద రాశాడు.

"బాగుంది," అన్నాడు నసగారు. ఏం బాగుందో తొందరకి అర్థం కాలేదు.

లోపల పానాలు, గొలుసులు, నూనె డబ్బాలు వరసగా ఉన్నాయి. మధ్యలో స్టాండు వేసి ఉంది ఆ ఆకుపచ్చ సైకిలు. హ్యాండిలుకి ఇనపతీగతో ఎర్ర చీటీ, పక్కనే తీసుకున్నప్పటి కాగితం నకలు వేలాడుతున్నాయి. 'యజమానికి మీరేమవుతారు?' అన్న గడిలో సైకిళ్ళమ్మ 'ఏమీ కాను' అని రాసింది. నసగారు అది చదివాడు. వంగి సీటు కింది బోల్టు చూశాడు. దాని మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి.

"ఇది మీరు తిప్పబోయారా?"

"నేనింకా చెయ్యి పెట్టలేదండీ. అయినా నేను సరైన పానా వేస్తాను. ఇలా కటింగ్ ప్లేయరుతో చెడగొట్టేది పని తెలియనివాళ్ళు."

"సీటు ఇంత కిందికి ఉందేం?"

ఆవిడ మొహం తిప్పుకుంది. "పాతబడితే దిగుతుందండీ."

"సీటు ఇంత కిందికి ఉందేం?"

"అదేముందండీ, సైకిలన్నాక..."

"అమ్మా, సీటు ఇంత కిందికి ఉందేం?"

సైకిళ్ళమ్మ నూనె డబ్బామీద కూలబడింది. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది. "ఎవత్తినో ఎక్కించాడండీ. ఆయన కాళ్ళకి ఆ సీటు సరిపోదు. పొట్టిమనిషి కోసం దించాడు. దానిచేత సైకిలు తొక్కించుకుంటూ స్టేషనుకి వెళ్ళి రైలెక్కాడు. స్టాండులో చూసిన మొదటిరోజే నాకు అర్థమైపోయింది. ఎవరికి చెప్పుకోను? సిగ్గుతో చచ్చిపోయాను." చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆ గొట్టం బయటికి లాగగలరా?"

"తుప్పుకి బిగుసుకుపోయిందండీ. నూనె పోస్తూ మూడు రోజులు ఓపిక పట్టాలి."

"పట్టండి. సైకిలు మాత్రం వెనక్కి పెట్టద్దు."

ఆ మూడు రోజులూ నసగారు ముగ్గుర్ని కలిశాడు.

స్టాండు తాతది కుంటికాలు. "ఆ రోజు రద్దీ బాబూ. ఎవరు పెట్టారో చూళ్ళేదు. చీటీలు ఎవరు చింపారో కూడా తెలీదు. నన్ననుమానిస్తే నా కాలొంక చూడు, నేను సైకిలెక్కి పదేళ్ళయింది," అన్నాడు.

సైకిళ్ళమ్మ ఆడపడుచు అన్నలాగే పొడగరి. తలుపు సగమే తీసి మాట్లాడింది. "మా అన్న బంగారం. అది సరిగ్గా చూసుకుంటే ఎందుకు పోతాడు? ఆ సైకిలు నేను చూడనూలేదు, చూడనూ చూడను."

మూడో మనిషి బోర్డుల పనిలో నిచ్చెన మేస్త్రికి తోడుగా పనిచేసిన చిన్న మేస్త్రి. నసగారి భుజందాకా వస్తాడు. మర్యాదస్థుడు, కుర్చీ తుడిచి మరీ వేశాడు. "అన్న పోయిన దగ్గర్నుంచి స్టేషను వైపే వెళ్ళలేదండీ నేను. మూడేళ్ళు. ఆ సైకిలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పాపం వదిన, దాన్నక్కడే ఉండనిస్తే బాగుండేది."

వర్క్‌షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. బోర్డులు, డబ్బాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వెనక గదిలో సిమెంటు చేసిన ఒక మూల మాత్రం బోసిగా ఉంది. అక్కడ ఒక్క డబ్బా కూడా లేదు. పాత బోర్డులన్నిటికీ అడుగున నిచ్చెన మేస్త్రి సంతకం చిన్నగా ఉంది. కొత్తవాటిమీద చిన్న మేస్త్రి సంతకం, బోర్డులో సగం ఉన్నట్టుంది.

"స్టాండు తాతే, సార్! అన్నీ తెలిసినవాడు వాడొక్కడే," అన్నాడు తొందర దారిలో.

"నువ్వింకోసారి అదే మాట అను, కాస్త నెమ్మదిగా," అన్నాడు నసగారు.

మూడోరోజు పొద్దుగూకే వేళ సైకిళ్ళమ్మ షెడ్డులో ఒంటరిగా ఉంది. గొట్టం అప్పుడే కదిలింది. తలుపు కింద సందులో వెలుతురు చటుక్కున ఆగిపోయింది. ఎవరో నిలబడ్డారు. గడియ చప్పుడు లేకుండా మెల్లగా పైకి లేస్తోంది.  ఆవిడ చేతిలో పానా ఉంది, చెయ్యి మాత్రం లేవదు. 

"ఏమండీ," అంది ఎలాగో. "మీరేనా?"

గడియ ఆగిపోయింది. అవతల మనిషి ఊపిరి వినిపించింది. ఒక నిమిషమో, ఒక యుగమో. తర్వాత అడుగులు వెళ్ళిపోయాయి. ఆవిడ పరుగున తలుపు తీసేసరికి వీధిలో ఎవరూ లేరు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి అందరూ షెడ్డులో ఉన్నారు. ఆడపడుచు గోడవారగా నిలబడింది. చిన్న మేస్త్రి టోపీ చేత్తో పట్టుకున్నాడు. స్టాండు తాత బల్లమీద కూర్చున్నాడు, నోరెత్తద్దని ఆయనకి ముందే చెప్పారు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. మధ్యలో గుడ్డ కప్పిన సైకిలు.

"సైకిలు తయారైంది. ఇంటివాళ్ళు ఒకసారి చూసుకోండి," అని నసగారు గుడ్డ లాగేశాడు.

కొత్త ఆకుపచ్చ రంగు తళతళలాడింది. ఆడపడుచు ఇంతసేపూ బిగబట్టుకున్నది కాస్తా భోరుమంది. "అచ్చం మా అన్న ఎక్కి తిరిగినప్పటిలాగే ఉంది!"

"మీరేమంటారు మేస్త్రీ?"

చిన్న మేస్త్రి కళ్ళు ఒక్కచోటే నిలిచిపోయాయి. "సీటు... సీటు పైకెలా వచ్చింది? తుప్పుకి బిగుసుకుపోయింది కదా!"

 ఎక్కడో నూనె చుక్క డబ్బాలో పడింది.

"మూడేళ్ళుగా చూడని సైకిలు సీటు బిగుసుకుపోయిందని నీకెలా తెలుసు?" అన్నాడు నసగారు. మెత్తగానే అన్నాడు. 

"ఎవరో... ఎవరో అన్నారు..."

"ఎవరన్నారు?"

"వదినేమో..."

"ఎవరన్నారు?"

చిన్న మేస్త్రి టోపీ నలుపుతూ గుమ్మం వైపు చూశాడు. నసగారు బల్లమీంచి ఒక ఇనప గొట్టం తీసి అందరికీ చూపించాడు. "ఇది ఆ సైకిలు పాత సీటు గొట్టం. చాలా పైన సీటు బిగించి బిగించి ఇక్కడ వలయంలా అరిగింది. అది పొడగరి నిచ్చెన మేస్త్రి కొలత. సీటు దించి గొట్టం లోపలికి తోసినందుకు, తుప్పుపట్టిన గీత మాత్రం జానెడు పైకి ఉంది. అంటే ఏళ్ళ తరబడి ఒక మనిషి తొక్కాడు, ఆఖరి ప్రయాణం మాత్రం ఇంకో పొట్టిమనిషి చేశాడు. ఆ రోజు నిచ్చెన మేస్త్రి స్టేషనుకి వెళ్ళనేలేదు. వెళ్ళాడని ఊరు అనుకోవాలని అతని సైకిలు మాత్రం వెళ్ళింది. కాళ్ళందక సీటు దించాల్సి వచ్చింది. మళ్ళీ ఎత్తడం ఆ కంగారులో మరిచిపోయాడు. తర్వాత గుర్తొచ్చి వెళ్ళేసరికి తుప్పు పట్టేసింది. కటింగ్ ప్లేయరుతో తిప్పబోతే బోల్టు మూలలు అరిగాయి. ఇక మిగిలిన దారొకటే, సైకిలు ఎవరి చేతికీ రాకుండా చూడటం. అందుకే చీటీలు చింపాడు."

"పొట్టివాళ్ళు ఊళ్ళో నేనొక్కణ్ణేనా?" అన్నాడు చిన్న మేస్త్రి. గొంతు కీచుమంది.

"కాదు. కానీ తలుపుమీద రాత చూడు. కావాలని వంకరగా రాశావు. చోటు మాత్రం వంకర పోలేదు. అటు జాన, ఇటు జాన, మాట సరిగ్గా మధ్యలో. మా తొందర రాస్తే చట్రంమీదికెక్కింది. మామూలు మనుషులు అలాగే రాస్తారు. బోర్డులు రాసేవాడి చెయ్యి కొలవకుండా సుద్దముక్క పట్టుకోదు." నసగారు ఒక అడుగు ముందుకేశాడు. "మీ వెనకగదిలో ఆ మూల ఎందుకు ఖాళీగా ఉంది మేస్త్రీ? డబ్బా పెట్టడానికి కూడా భయమా?"

ఇన్‌స్పెక్టరు కదిలేలోపే చిన్న మేస్త్రి మోకాళ్ళమీద పడిపోయాడు. అంతా చెప్పాడు. ఆ రోజు పొద్దున వెనకగదిలో గోడంత బోర్డు రాస్తున్నారు. అంత ఎత్తు అన్నకీ అందదు, చెక్కమీద ఎక్కాడు. కింది సగం తను రాశాడు, ఎప్పట్లాగే. ఈ ఒక్కదానిమీదైనా నా సంతకం పెట్టనివ్వన్నా అన్నాడు. అన్న నవ్వాడు. ఆ నవ్వుకి చెక్క లాగేశాడు. ఆ తర్వాత గోతికీ, సిమెంటుకీ తన చేతులు ఎలా కదిలాయో తెలీదన్నాడు.

"బ్రేకు తీగ రాసినప్పుడు చేతులు నీవేగా?" అన్నాడు నసగారు. "నిన్న ఈ తలుపు దగ్గర ఈవిడ 'ఏమండీ, మీరేనా' అంటే వింటూ నిలబడ్డావే, అప్పుడు చెవులు నీవేగా?"

 ఇన్‌స్పెక్టరు అతన్ని లేపి తీసుకెళ్ళాడు. వర్క్‌షాపుకి మనుషుల్ని పంపారు.

ఆడపడుచు గోడ వదిలి వచ్చి సైకిళ్ళమ్మ పక్కన నిలబడింది. ఆవిడ భుజంమీద చెయ్యేసింది. తొందర మొదటిసారి ఏమీ తేల్చకుండా తలొంచుకున్నాడు.

సైకిళ్ళమ్మ ఏడవలేదు. సీటుమీద అరచెయ్యి పెట్టింది.

"ఎవరూ లేరన్నమాట," అంది చివరికి. "ఎవత్తీ లేదు. మూడేళ్ళూ రోజూ తిట్టుకున్నానండీ ఆయన్ని. ఇదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. నేను తిడుతూనే ఉన్నాను."  నసగారు కళ్ళజోడు తుడుచుకోవడానికి అటు తిరిగాడు.

కాసేపటికి ఆవిడ చేతులు నూనెగుడ్డకి తుడుచుకుని, హ్యాండిలుకి వేలాడుతున్న కాగితం విప్పింది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. 'యజమానికి మీరేమవుతారు?' అన్న గడిలో 'ఏమీ కాను' అన్న మాటని నిదానంగా, అక్షరం కనబడకుండా కొట్టేసింది. దానిపైన 'భార్యని' అని రాసింది.

తర్వాత సైకిలుకి ఇంకా ఉన్న ఎర్ర చీటీ తీగ విప్పడానికి స్టాండు తాత ఆవిడకి సాయం పట్టాడు.