ఉతుకుడు రాయి మలుపు

మహేంద్రగిరి మీంచి రాళ్ళమ్మట దూకుతూ వచ్చే మహేంద్రతనయ ఏరు, కొండల సందు దాటాక ఒకచోట వెడల్పాటి ఇసకలో పరుచుకుంటుంది. ఆ మలుపుని ఉతుకుడు రాయి అంటారు. రాత్రిళ్ళు అక్కడెవరో బట్టలు ఉతుకుతారట. ఆ చప్పుడు విన్నవాడు ఇంటికి చేరడట.

చేరకపోతే విన్నట్టు ఎవరు చెప్పారని అడిగాను. ఈ మాట చెప్పిన నా స్నేహితుడు ఢిల్లీశ్వరరావు నవ్వలేదు. పూండి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. తన బావ జోగారావుకి ఎదురైన సంగతి నాకు చెప్పాడు.

2001 ఆగస్టు. జోగారావు సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఆ ఏడు వేట సాగక, మోపెడ్ మీద ఎండుచేపలు కట్టుకుని కొండకింది ఊళ్ళలో అమ్ముతున్నాడు. ఆరోజు తిరిగొస్తుంటే ఏటి దగ్గరే చీకటి పడింది. నీళ్ళు చీలమండ లోతు. సముద్రం చూసినవాడికి అదొక నీరా? బండి దింపేశాడు.

నడి ఏట్లో చక్రం కూరుకుపోయింది.

అప్పుడు వినబడింది... ఎగువ నుంచి.

థప్... థప్...

తడిగుడ్డ రాయికేసి కొట్టినట్టు.

"ఎవులది?"

ఆగింది. బండిని ఒక్క గుంజు గుంజాడు.

థప్... ఈసారి దగ్గర్లో.

టార్చి వేశాడు. రాయి ఉంది. ఇసక ఉంది. మనిషి లేడు.

థప్ — చెవి పక్కనే. చెంప మీద తుంపర పడింది.

బండి వదిలేశాడు. చెప్పులూ వదిలేశాడు. ఒకటే పరుగు. గట్టు మీద కాలు పడగానే చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగి టార్చి వేస్తే... ఇసక లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రనీళ్ళు. మోపెడ్ లేదు. ఇక్కడ చినుకైనా పడలేదు. కొండ మీద కురిసినట్టుంది.

గట్టు పక్క జీడితోటలో కాసులమ్మ అనే ముసలామె ఒక్కతే ఉంటుంది. ఆమె అరుగు మీదే తెల్లవార్లూ కూర్చున్నాడు. వెలుగొచ్చాక ధైర్యమూ వచ్చింది.

"దెయ్యం నేదు, ఏటీ నేదమ్మా," అన్నాడు. "వొరద నీరు రాళ్ళకి కొట్టుకున్న సప్పుడు. నానే బెదిరిపోనాను."

కాసులమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది.

"ఇసకలో వొరద సప్పుడు సెయ్యదు బాబూ. పిల్లినాగ వొత్తాది." పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "మా ముసిలోడు ఈ ఏట్లో కొట్టుకుపోయిన రేత్రి, నాను ఈ గట్టు మీదే ఉన్నాను. ఏ సప్పుడూ రానేదు."