‘వాశన’ కాదు నాయనా, ‘వాసన’

మా మేడలో పది ఇళ్ళు. అంతస్తుకు రెండు చొప్పున ఐదు అంతస్తులు, ఒక లిఫ్టు, అందరి ఫోన్లలో ‘మన మేడ’ అని ఒక గ్రూపు. ఆ గ్రూపు రాకముందు నీళ్ళ మోటారు పాడైతే ఎవరో ఒకరు తలుపు కొట్టి చెప్పేవారు. చెప్పి ఊరికే పోరు కదా! గుమ్మంలో నిలబడి అరగంట మాట్లాడి, ఎదురింటివాళ్ళ మీద రెండు చాడీలు చెప్పిగాని కదిలేవారు కాదు. విసుగొచ్చేది. గ్రూపు వచ్చాక ఆ విసుగు పోయింది. తలుపు కొట్టేవాళ్ళూ పోయారు.

నాకు పార్సిళ్ళ కంపెనీలో ఉద్యోగం. సామాను అందలేదని, పగిలిందని జనం కంపెనీ పేజీలోకి వచ్చి తిట్టిపోస్తారు. కంపెనీ నాకు పెట్టిన దొంగపేరుతో నేను, “మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం” అని రాస్తాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చింతిస్తూనే ఉంటాను. ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపు మేనేజరు ఆఫీసు గ్రూపులో, ‘ఫలానా కస్టమరు ఇంకా ఏడుస్తున్నాడు, చూడండి’ అని పెడతాడు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన డ్యూటీ దిగే వేళకు నేను ఎక్కుతాను. ‘వంట చేసి పెట్టాను’, ‘తిన్నాను’ అని ఫోన్లో రాసుకునే కాపురం మాది. ఒక్కోరోజు రాత్రి కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా మెసేజీలు పైకి పాకుతూ కనబడేవి.

మాది మూడో అంతస్తు. సరిగ్గా మా కింద ఒత్తుల బాబాయి ఒక్కరే ఉండేవారు. ఆయన ఎదురిల్లు ఏడాదిగా ఖాళీ. అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని చేసి రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, “నా తప్పులు దిద్దుకోడానికే తీరిక లేదమ్మా” అనేవారు. గ్రూపులో ఎవరేం రాసినా ముందు ఒత్తులు చూసేవారు. ఐదో అంతస్తు జిమ్ము కుర్రాడు ఒకసారి ‘నీల్లు రావడం లేదు’ అని రాస్తే, బాబాయి ‘నీళ్ళు అని రాసి చూడు నాయనా, వస్తాయేమో’ అని జవాబిచ్చారు. మేడంతా నవ్వింది. ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళు.

వానలు మొదలైన రోజుల్లో మొదటి అంతస్తు టీచరుగారు గ్రూపులో రాశారు. ‘మెట్ల దగ్గర ఏదో వాసన వస్తోంది. ఎలుక చచ్చిందేమో, ఎవరైనా చూశారా?’

ఇక చూడండి సందడి. కాలువ అన్నారొకరు. లిఫ్టు గుంటలో నీళ్ళు నిలిచాయన్నారు ఇంకొకరు. మా వార్డు మెంబరు కూడా గ్రూపులో ఉన్నాడు. వీధిదీపం వెలగకపోయినా, కాలువ పొంగినా ఆయనది ఒకటే మాట: ‘ఫోటో పంపండి.’ ఇప్పుడూ అదే అన్నాడు. ‘వాసనకు ఫోటో ఎలా తీస్తామండీ?’ అని టీచరుగారు అడిగితే ఆయన దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

జిమ్ము కుర్రాడు రాశాడు: ‘పాడు వాశన. తల పగిలిపోతోంది.’

వెంటనే ఒత్తుల బాబాయి: ‘వాశన కాదు నాయనా, వాసన. నాకూ వస్తోంది.’

మళ్ళీ కాసేపటికి ఆయనే: ‘రెండో అంతస్తులోనే ఎక్కువగా ఉంది. ఎవరైనా ఒకసారి వచ్చి చూస్తే బాగుండు.’

ఆ మాట కింద తొమ్మిది బొటనవేళ్ళు లేచాయి. అందులో నాదొకటి. లిఫ్టులో పైకి పోతూ నొక్కాను. ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం. ఆఫీసు నుంచి తడిసి ముద్దయి వచ్చేసరికి కరెంటు లేదు. లిఫ్టు నోరు మూసుకుంది. మబ్బు కమ్మేసి, దీపాల వేళ కాకముందే మెట్ల మీద చీకటి పడింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను లైటు. ఆ మెట్లు ఎక్కి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. గోడలకు చెమ్మ. కిటికీ సందులోంచి వాన చప్పుడు. కాళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాను. ఇంటికెళ్ళి పడుకుంటే చాలు అన్నంత అలసట.

మొదటి అంతస్తు దాటగానే వాసన ముక్కుకు తగిలింది.

ఎలుక వాసన కాదది. తీపి కలిసిన వాసన. ఎంత మెల్లగా పీల్చినా నాలుక మీదికి వస్తోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఎక్కుతున్నకొద్దీ చిక్కబడింది. రెండో అంతస్తు గుమ్మాల ముందుకు వచ్చేసరికి ఇక పీల్చలేక గోడ పట్టుకుని ఆగాను.

చేతిలో ఫోను వణికింది.

ఒత్తుల బాబాయి. గ్రూపులో కాదు, నాకొక్కదానికే.

‘గుమ్మం ముందు ఆగిందెవరు? నువ్వేనా అమ్మా?’

హమ్మయ్య, మనిషి బాగానే ఉన్నారు అనిపించింది. వెంటనే సిగ్గేసింది కూడా, నెలల తరబడి పలకరించనందుకు. తడిసిన వేళ్ళతో గబగబా రాశాను. ‘నేనే బాబాయ్. మీరు బాగున్నర?’

‘బాగున్నారా అని దీర్ఘం ఇవ్వాలమ్మా.’

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన తలుపు మీదికి లైటు వేశాను. నవ్వు ఆగిపోయింది.

తలుపు రెక్కకూ ద్వారబంధానికీ మధ్య సాలెగూడు. పైనుంచి కింద దాకా, చిరుగు లేకుండా... గొళ్ళెం మీద దుమ్ము.

“బాబాయ్...” అని పిలిచాను. లోపల చప్పుడు లేదు. వాన ఒక్కటే.

ఫోన్లో ఆయన పేరు కింద ‘రాస్తున్నారు’ అని కనబడుతోంది. ఆగుతోంది. మళ్ళీ రాస్తున్నారు.

ఆయన నంబరుకు ఫోను చేశాను. ‘మీరు పిలుస్తున్న ఫోను స్విచాఫ్ చేసి ఉంది’ అంది ఆడగొంతు. చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. రాస్తున్నారు... ఇంకా రాస్తున్నారు.

అక్కడి నుంచి ఎలా దిగానో తెలియదు. కింద టీచరుగారి తలుపు బాదాను. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. ఐదేళ్ళుగా ఒకే గ్రూపులో ఉన్నాం. ఆవిడ జుట్టు ఇంత నెరిసిందని ఆ వెలుతురులోనే చూశాను.

“ఏమైందమ్మా, అలా ఉన్నావేం?”

“బాబాయి ఇంటి తలుపు... ఒకసారి రండి. నేనొక్కదాన్నీ తియ్యలేను.”

ఆవిడ కొంగు నడుముకు దోపి నా వెంట మెట్లెక్కింది. తలుపు ముందు ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. గడియ వేసి లేదు, దగ్గరికి వేసి ఉంది, అంతే. నెట్టగానే సాలెగూడు చిరిగి నా ముంజేతికి అతుక్కుంది.

ముందు గది. పుస్తకాల బీరువా. కిటికీ మూసి ఉంది. కిటికీ దగ్గర కుర్చీ. కుర్చీలో బాబాయి, మాకు వీపు పెట్టి. తల పక్కకు వాలి ఉంది. భుజం మీది చొక్కా నల్లగా తడిసి ఎండినట్టుంది. ఆ పైన నేను చూడలేదు. టీచరుగారు చూసింది. “అయ్యో, అయ్యో...” అని మెల్లగా, చంటిపిల్లను జోకొడుతున్నట్టు అంటూ అలాగే నిలబడిపోయింది.

ఆయన ఫోను బీరువా అరలో ఉంది. వేలితో తాకాను. చల్లగా ఉంది. దాని అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుంది. లోపలి బ్యాటరీ ఉబ్బి వెనక మూత ఊడిపోయింది.

అప్పుడు మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి వణికాయి. గ్రూపులో మెసేజీ.

‘ఇద్దరు వచ్చారు. చాలా సంతోషం.’

టీచరుగారి చేతిలో కొవ్వొత్తి పడిపోయింది.

పోలీసులు వచ్చారు, డాక్టరు వచ్చాడు. నిద్రలోనే గుండె ఆగి ఉంటుందని, రెండు వారాలు దాటిందని చెప్పాడు. రెండు వారాలు! ఆ రెండు వారాల్లో పార్కింగు దగ్గర కొట్టుకోబోయిన రెండు ఇళ్ళకు బాబాయి గ్రూపులో సర్దిచెప్పారు. మొదటి అంతస్తు పాప పుట్టినరోజుకు పద్యం రాసి పెట్టారు. మేడకు కొత్త సెక్రటరీ ఎవరని ఓట్లు అడిగితే ఓటు కూడా వేశారు. ఒక్క ఓటు తేడాతో ఆ సెక్రటరీ గెలిచాడు.

కానిస్టేబుల్‌ను పక్కకు పిలిచి ఫోన్లో ఆ మెసేజీలు చూపించాను. చాలాసేపు చదివాడు.

“ఇంకెక్కడో, ఇంకే మిషన్లోనో తెరిచి ఉంచి ఉంటారమ్మా. ఎవరో ఆకతాయి పని.”

“మేం తలుపు ముందు నిలబడ్డ సంగతి ఆకతాయికి ఎలా తెలుస్తుందండీ?”

అతను ఫోను నా చేతిలో పెట్టేశాడు. “పొద్దుటి నుంచి డ్యూటీలో ఉన్నానమ్మా. మీరూ అలిసిపోయారు. వెళ్ళి పడుకోండి.”

బాబాయి అక్క కొడుకు వచ్చి జరపాల్సినవి జరిపించి వెళ్ళాడు. గ్రూపులో దండాలు, పువ్వులు, వెలిగే దీపాల బొమ్మలు కుప్ప పడ్డాయి. వార్డు మెంబరు బాబాయి ఫోటో అడిగి తీసుకుని, తన ఫోటో పక్కన పెట్టి సంతాపం ప్రకటించాడు. తర్వాత బాబాయి నంబరు గ్రూపులోంచి తీసేశారు. అంతటితో మెసేజీలు ఆగిపోయాయి.

కొత్త సెక్రటరీ ఒక నియమం పెట్టాడు. రోజూ సాయంత్రం ప్రతి ఇంటివాళ్ళూ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాలి. రాత అయితే ఎవరైనా రాయగలరు, గొంతు అలా కాదు కదా అన్నాడు. నిజమే అనిపించింది. ‘ఒకరి గుమ్మంలోకి ఒకరం వెళ్ళి చూడొచ్చు కదా’ అని టీచరుగారు రాసింది. దానికి బొటనవేళ్ళు బాగానే వచ్చాయి. వెళ్ళిందెవరూ లేరు. నేనూ వెళ్ళలేదు. పోదామనే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు సహకరించదు.

నిన్న నాకు సెలవు. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. గడియ వేసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, “మూడో అంతస్తు. బాగానే ఉన్నాం” అని రికార్డు చేసి పంపాను. రోజూ ఎవరివీ వినను. నిన్న తీరిక దొరికి వరసగా విన్నాను.

జిమ్ము కుర్రాడి గొంతు: “ఐదో అంతస్తు, ఓకే.” ఆ గొంతు వెనక చిన్న చప్పుడు. గుమ్మంలో చెప్పులు విడిచినట్టు. ముందు ఒకటి, కాస్త ఆగి రెండోది. తర్వాత లోపలికి వేసిన ఒక్క అడుగు.

ఎవరో వచ్చి ఉంటారు అనుకున్నాను.

నాలుగో అంతస్తు ఆవిడది. గొంతు వెనక... చెప్పు, ఆగి, ఇంకో చెప్పు. ఒక అడుగు.

మొదటి అంతస్తు పాప పంపింది. అదే.

ఎనిమిది ఇళ్ళవీ విన్నాను. నాది చివర్న విన్నాను. ‘బాగానే ఉన్నాం’ అనే మాట ఇంకా పూర్తి కాకముందే... మొదటి చెప్పు.

టీచరుగారికి ఫోను చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తింది, ఎదురు చూస్తున్నట్టు.

“టీచరుగారూ... మీరు రికార్డు చేస్తున్నప్పుడు ఇంట్లోకి ఎవరైనా వచ్చారా?”

ఆవిడ గుసగుసగా అంది.

“నీకూ వినిపించిందా అమ్మా? నేను మొదటి రోజు నుంచీ వింటున్నా. వచ్చిన చప్పుడే ఉంది... వెళ్ళిన చప్పుడు ఇంతవరకు ఎవరింట్లోనూ వినలేదు.”