బయటివైపు గడియ

ఆ ఉదయం సుమియాతి వంటింట్లో సోయా గింజలతో చేసిన టెంపే ముక్కలు వేయిస్తోంది. వీధిలో కూరగాయల బండివాడు హారన్ కొట్టాడు. ఆమె కాళ్ళ కింద నేల ఒరిగిపోయింది. పొయ్యిగట్టు పట్టుకోబోయి కూలబడింది. కాగిన నూనె ముంజేతి మీద చిందింది.

"మళ్ళీ మొదలైందా?" అన్నాడు భర్త సురత్నో, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే. "లే. గదిలోకి పద."

సెమరాంగ్ నగరంలో ఉద్యోగం చేస్తున్న కూతురు నింగ్రుమ్ ముందురోజే ఇంటికి వచ్చింది. తల్లి చేతిమీద నీళ్ళు పోసి, మందు కోసం వెళ్ళి వచ్చేసరికి నాన్న వెనకగది తలుపు మూసి గడియ పెడుతున్నాడు. గడియ బయటివైపు ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"మీ అమ్మకి మతి చెడింది. కళ్ళు తిప్పితే చప్పుడు వినిపిస్తుందట. ఎక్కడైనా ఉందా? భూతవైద్యుడికి చూపించాను, పిచ్చికి మాత్రలు మింగిస్తున్నాను. మొన్న పక్కింటి పెళ్ళిలో గంట మోగగానే అందరిముందూ పడిపోయింది."

"ఫోన్ చేసినప్పుడల్లా నిద్రపోతోందన్నావు."

"నిద్రపోతూనే ఉంది."

"గడియ పెట్టిన గదిలోనా?"

"రోడ్డు మీద పడి చస్తే నన్నేగా అంటారు?" అతని గొంతు లేచింది.

లోపలినుంచి తల్లి గొంతు నీరసంగా వినిపించింది. "నాన్ననేం అనకు తల్లీ. గడియ పెట్టమన్నది నేనే. నిజంగానే పిచ్చెక్కిందేమో అనుకున్నాను."

నింగ్రుమ్ గడియ తీసింది. ఆ వారంలోనే తల్లిని సోలో పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తలకు సీటీ స్కాన్ తీయించింది. సురత్నో ముభావంగా వెంట వచ్చాడు.

డాక్టరమ్మ తెరమీద వేలు పెట్టి చూపించింది. "ఇది లోపలి చెవి. ఒళ్ళు తూలకుండా చూసే ఈ వంపు గొట్టం మీద సన్నటి ఎముక ఉండాలి. ఇక్కడ లేదు, చిల్లు పడింది. అందుకే కంటి కదలిక కూడా చెవికి వినిపిస్తుంది. పెద్ద చప్పుడైతే తల తిరుగుతుంది. ఆవిడ చెప్పిందంతా నిజమే."

"మరి ఆ మాత్రలు?" అడిగాడు సురత్నో.

"ఈ జబ్బుకి వాటితో పనే లేదు. ఆపరేషన్ చేసి చిల్లు మూయొచ్చు. రెండో చెవిలోనూ ఎముక పలచబడింది. పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేను."

బయట వరండాలో బెంచీ మీద కూర్చోగానే సురత్నో బావురుమన్నాడు. "నీ మాట ఒక్కసారి కూడా నమ్మలేదే."

సుమియాతి రెండు చేతులతో బెంచీ పట్టుకుంది. ముఖం పాలిపోయింది. "మెల్లగా ఏడవండి. తిరుగుతోంది."

అతను చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు మాత్రం ఎగసిపడుతున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని, బెంచీ వదిలి, ఆ భుజాన్నే పట్టుకుంది.