రెండోసారి అడగనివాడు

టమోటాలు చెప్పిన ధరకే కొనుక్కొచ్చిందని నబీ రసూల్ భార్య మీద కోప్పడ్డాడు.

"అంత ఎండలో అర దిర్హం కోసం గొంతు చించుకోమంటావా?" అంది హుస్సేనమ్మ.

"అర దిర్హం కాదే, మర్యాద! ఒక మాట వాడనాల, ఒక మాట నువ్వనాల. లేకుంటే అదేం బేరం?"

"అయితే రేపట్నుంచి నువ్వే పో."

కూతురు జరీనా నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి తప్పుకుంది. తండ్రి కోపం అసలు ఎవరి మీదో ఆమెకు తెలుసు.

నబీ రసూల్ ప్రొద్దుటూరు నుంచి వచ్చేనాటికి గుల్షన్ స్టోర్ దేరా బజారులో ఒకే షట్టరున్న బట్టల కొట్టు. అందులో పనికి కుదిరి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ పోసి, తానులు పరిచి తీరిగ్గా బేరం సాగించేవాడాయన. పక్క కొట్టు కలిసింది. రెడీమేడ్ చొక్కాలు, సెంట్లు, సూట్‌కేసులు చేరాయి. ఎనభై ఒకటిలో అద్దాల మేడలోకి మారాక ముదీర్, అంటే మేనేజరు, ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టించాడు. ఒకటే ధర, బేరం లేదు. నబీ రసూల్ కోపమంతా ఆయన మీదే.

ఆ పద్ధతి అందరికంటే ఎక్కువ నచ్చింది గాజుసామాను కౌంటర్లోని నెల్లూరు కుర్రాడు మీరావలికి. తండ్రికి క్యారియర్ తెచ్చే జరీనా తగువు పెట్టుకున్నదీ అతనితోనే.

"ఈ కప్పు కొంచెం తగ్గించండి."

"తగ్గదండీ."

"మీ కౌంటర్లో నవ్వుకు కూడా చీటీ కట్టారా?"

అతను నవ్వేశాడు. "అది ఫ్రీ అండీ. కప్పు మాత్రం తగ్గదు."

ఆమె కప్పు కొనలేదు. కానీ మర్నాటి నుంచి క్యారియర్ భోజనాల వేళకు చాలా ముందే రావడం మొదలైంది.

చలికాలంలో మీరావలి ధైర్యం చేశాడు.

"చాచా, జరీనాను నాకిచ్చి నిఖా చేస్తారా?"

"ఇయ్యను పో" అన్నాడు నబీ రసూల్, గుడ్డ తాను మడతపెడుతూ.

మీరావలి తలవంచుకుని వెళ్ళిపోయాడు. రాస్ అల్ ఖైమా బ్రాంచికి బదిలీ అడిగాడని కొద్దిరోజుల్లోనే స్టోరంతా తెలిసింది.

శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. జరీనా ముద్ద ఎత్తలేదు.

"రేపు పోతున్నాడంట నాయనా."

"పోనీ. పిల్లనడిగేవాడు ఒక్కసారి అడిగి పోతాడా? పెద్దల్ని పంపిస్తాడనుకుంటి. మళ్ళీ వస్తాడనుకుంటి. మా మామ నన్ను రెండుసార్లు తరిమినాడు."

"మూడుసార్లు" అంది హుస్సేనమ్మ.

"అంటే నీకు ఇష్టమేనా?" అంది జరీనా.

"వాడు మంచోడు కాదని నేనెప్పుడన్నా అన్నానా?"

"ఇయ్యను అన్నావు గదా! నువ్వు వద్దంటే ఆయనకు ఖలాస్. మళ్ళీ అడిగితే నీ మాటకు విలువ ఇయ్యనట్టని అన్నాడు. నేనూ అదే నమ్మి ఇన్నాళ్ళూ ఏడుస్తున్నా."

నబీ రసూల్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కూతురి ముఖం చూశాడు. వారం నుంచి ఆ కళ్ళు ఎర్రగా ఉన్నది జలుబు వల్లేనని అనుకున్నాడు.

"నమాజుకు వచ్చినాడు. ఇప్పుడు రూములోనే ఉంటాడు. తినంగానే పోతా" అన్నాడు.

"పిల్ల తండ్రివి, నువ్వు పోయి అడగడమేంది?" అంది హుస్సేనమ్మ.

"అడిగేదెవరు? వచ్చే నెల నిఖా అని చెప్పొస్తా. ఎదురు మాట్లాడే అలవాటు వానికెట్లాగూ లేదు."